తిరగేసి చూస్తే

మా పిన్నమ్మకి ఒక అలవాటుంది. పెళ్లి పందిట్లోనో పేరంటంలోనో కొత్త జాకెట్టు వేసుకున్న పిల్ల ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే, ముందు ఏ ఊరని అడుగుతుంది, ఎవరి తాలూకని అడుగుతుంది, ఆ మాటల మధ్యలోనే పిల్ల చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, జాకెట్టు చేతి అంచుని బొటనవేలితో మడిచి లోపలివైపు చూస్తుంది. పైన నెమలి పురి విప్పి ఉంటుంది, మామిడి పిందెలు వరస కట్టి ఉంటాయి. వాటి వంక ఆవిడ చూడనైనా చూడదు. మొన్న విజయనగరంలో మా ఆడపడుచు మనవరాలి పెళ్లిలోనూ అదే జరిగింది. మడిచిన అంచు మీద సన్నగా తెల్లదారం గీతలు కనిపించాయి. “మిషను పనేనామ్మా?” అంది పిన్నమ్మ. “కంప్యూటర్ వర్కండీ” అంది ఆ పిల్ల, దొంగతనం బయటపడ్డట్టు చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కుంటూ. ఆ లాక్కోవడం నాకు రెండు రోజుల పాటు గుర్తొస్తూనే ఉంది. అందులో సిగ్గుపడాల్సిందేముంది? ఇడ్లీపిండి గ్రైండర్లో రుబ్బామని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. జాకెట్టు కుట్టిందే మిషను మీద, దానికీ ఎవరూ సిగ్గుపడరు. దాని మీద నాలుగు పువ్వులు వేసిన చోటికి వచ్చేసరికి మాత్రం చెయ్యా మిషనా అని ఈ పరీక్ష ఎందుకు?

ఇలా అడగడానికి నాకు వేరే కారణం కూడా ఉంది. నా జాకెట్టూ మిషను పనే. పైడితల్లమ్మ సిరిమాను పండగకి నాలుగు రోజుల ముందు గంటస్తంభం దగ్గర సందులో ఒక కొట్టుకి వెళ్లాను. అప్పటికి వారం కిందటే ఇచ్చిన గుడ్డ అది. “ఎక్కించేం మేడం, గంటలో అయిపోతాది, కూకోండి” అని స్టూలు చూపించాడు కుర్రాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. కూర్చోబెడితే ఏదో ఒకటి లెక్కపెట్టకుండా ఉండలేను. ముందు మిషను చప్పుడు విన్నాను. కుట్టుమిషను చప్పుడులా ఒకే తాళంలో సాగదు అది. కాసేపు వాన చినుకుల్లా టపటపమని పరుగెత్తి, ఎక్కడో నెమ్మదించి, టక్కున ఆగి, కిర్రుమని ఏదో పక్కకు జరిగి, మళ్లీ పరుగు అందుకుంటుంది. చప్పుడుకి అలవాటు పడ్డాక సూది వంక చూశాను. పది నిమిషాలు చూశాక గాని ఒక సంగతి బుర్రకెక్కలేదు. సూది ఎక్కడికీ వెళ్లడం లేదు. అంత నెమలిని కుడుతోందా, ఆ సూది ఉన్నచోటనే ఉండి కిందికి దిగుతోంది, పైకి లేస్తోంది, అంతే. తిరుగుతున్నది గుడ్డ. నెమలి మెడ రావాలంటే గుడ్డే వంకర తిరిగి సూది కిందికి వస్తోంది. తోక రావాలంటే గుడ్డే అటూ ఇటూ ఊగుతోంది. మనిషి కుట్టేటప్పుడు గుడ్డ కదలదు, చెయ్యి కదులుతుంది. ఇక్కడ అంతా తలకిందులు.

మీరెప్పుడైనా రాయకుండా రాయడానికి ప్రయత్నించారా? పలక మీద బలపాన్ని ఒకేచోట నిలబెట్టి, పలకని కదుపుతూ ‘అ’ దిద్దడం లాంటిది ఇది. ఇంటికెళ్లి కాగితం మీద చేసి చూశాను, నవ్వకండి. వచ్చింది ‘అ’ కాదు, పురుగు. మిషను మాత్రం తడబడదు. గుడ్డని బిగించిన చట్రానికి రెండే దిక్కులు తెలుసు, కుడి ఎడమలకు ఒకటి, ముందు వెనకలకు ఇంకొకటి. ఒక్కోదానికి ఒక్కో మోటారు, పళ్లున్న బెల్టు ఒకటి. రెండూ కలిసి కదిలితే ఏటవాలు, రెండూ కొలత ప్రకారం కొంచెం కొంచెంగా కదిలితే వంపు. గ్రాఫు కాగితం మీద పిల్లలకి నేను చెప్పిన ఎక్స్, వై అక్షాలే ఇవి. అప్పుడు “ఇవెందుకండీ పనికొస్తాయి?” అని అడిగిన పిల్లలకి నేనేం చెప్పానో గుర్తులేదు. జాకెట్టు చేతులకు పనికొస్తాయని చెప్పలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

సూది పైన చేసే పని సగమే. మిగతా సగం బల్ల కింద, మనకు కనపడని చోట జరుగుతుంది. కుర్రాడు బాబిన్ మార్చడానికి కింది మూత తీసినప్పుడు ఒంగి చూశాను. సూది పూర్తిగా దిగి, ఓ రెండు మిల్లీమీటర్లు తిరిగి పైకి లేస్తుంది. అప్పుడు బెజ్జం దగ్గర దారం కాస్త ఉబ్బి చిన్న మడతలా నిలుస్తుంది. సరిగ్గా ఆ క్షణానికి గుండ్రంగా తిరిగే కొక్కెం ఒకటి ముక్కు చాచి ఆ మడతని పట్టుకుని, బాబిన్ ఉన్న డబ్బీ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. ఈలోగా పైనున్న మీట దారాన్ని లాగేస్తుంది. పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఒక కుట్టు పడుతుంది. సూది ఒకసారి దిగి లేచే లోపల ఆ కొక్కెం రెండు చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టు పనికి, ఇంకో చుట్టు ఊరికే. కిందిదారం మామూలుగా తెల్లదే వేస్తారు, పైన ఏ రంగున్నా సరే. బిగువు సరిగ్గా కుదిరితే పైదారం రెండు పక్కల నుంచీ కొంచెం వెనక్కి దిగి, వెనకవైపు మధ్యలో మూడోవంతు మాత్రం తెల్లగా కనిపించాలట. మా పిన్నమ్మ మడిచి చూసే తెల్లగీత ఇదన్నమాట. ఆవిడకు మిషను లక్షణంగా కనిపించేది, కుట్టేవాడికి పని బాగా కుదిరిందనడానికి గుర్తు. ఒకే గీత, ఒకరికి దొంగ దొరికినట్టు, ఇంకొకరికి లెక్క సరిపోయినట్టు!

ఇక వేగం సంగతి. తెర మీద 800 అని చూపిస్తోంది, నిమిషానికి కుట్లు. అంటే ఒక్కో కుట్టుకు సెకనులో వెయ్యోవంతులు 75. ఈ కాస్తలోనే సూది దిగాలి, లేవాలి, గుడ్డ తర్వాతి చోటికి జరగాలి. సూది గుడ్డలో ఉండగా చట్రం కదిలిందా, గుడ్డ చిరుగుతుంది, లేదా సూది విరుగుతుంది. కాబట్టి సూది బయట ఉన్న ఆ కాసేపట్లోనే, ఒక చుట్టులో సుమారు సగంలోనే, గుడ్డ పరుగెత్తి వెళ్లి నిలబడాలి. కదిలింది కదిలినట్టు ఊగుతూ కాదు, బిగదీసుకుని నిలబడాలి. పొడుగు కుట్టు వస్తే దూరం ఎక్కువ, అందుకే మిషను తనంతట తానే నెమ్మదిస్తుంది. నేను విన్న తాళం తప్పడం ఇదే. ఇంతకీ ఇందులో నాకు ముచ్చటేసింది వేగం కాదు, వంతు. సూది వంతు, గుడ్డ వంతు, కొక్కెం వంతు. ఒకరు పనిలో ఉంటే ఇంకొకరు ఆగి ఉంటారు. దంపుళ్లప్పుడు ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లు వేసేవారు, చూశారా? ఒక రోకలి లేచినప్పుడు ఇంకొకటి పడాలి. రెండూ ఒక్కసారి దిగితే రోకలి రోకలితో కొట్టుకుంటుంది. వాళ్లకా లెక్క ఎవరు చెప్పారు? పాటతో కుదిరేది. ఇక్కడ ఒక ఇరుసు తిరుగుతుంది, దాని కోణాన్ని బట్టి మిగతా అందరూ తమ వంతు తెలుసుకుంటారు.

మరి ఆ నెమలి ఎక్కడుంది? ఇదే నన్ను వదలని ప్రశ్న. మిషనులో నెమలి ఉందా? పెన్‌డ్రైవు తెచ్చి కుర్రాడు గుచ్చాడు, తెర మీద నెమలి బొమ్మ కనిపించింది. నేను బొమ్మే ఉందనుకున్నాను. తర్వాత మా అబ్బాయి చేత అడిగించి, చదివించి, అర్థం చేసుకున్నది వేరు. ఈ మిషన్లలో ఎక్కువగా వాడే ఫైలుకి డీఎస్టీ అని పేరు, జపాను తజిమా కంపెనీ వాళ్ల పద్ధతి. అందులో నెమలీ లేదు, కన్నూ లేదు, ముక్కూ లేదు. ఉన్నదల్లా ఇది: ఇప్పుడున్నచోటు నుంచి కుడికి ఇంత, పైకి ఇంత. మళ్లీ అక్కడి నుంచి ఇంత, ఇంత. అన్నీ మిల్లీమీటరులో పదోవంతుల్లో. ఒక్కో కుట్టుకు మూడు బైట్లు. 40,000 కుట్ల డిజైనంటే లక్షా ఇరవై వేల బైట్లు, పెళ్లిలో సెల్లుతో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లుంటుంది. రంగుల సంగతి కూడా అందులో ఉండదు. ‘ఇక్కడ రంగు మార్చు’ అని ఉంటుంది తప్ప ఏ రంగని ఉండదు. పన్నెండో పదిహేనో సూదుల్లో ఏ సూదికి ఏ రంగు దారం ఎక్కించాలో, ఏ వంతుకు ఏ సూది రావాలో కుర్రాడే చెప్పాలి. వాడు పొరపాటున మూడో సూది బదులు నాలుగో సూది నొక్కితే ఎర్ర నెమలి వస్తుంది, మిషను ఏ అనుమానమూ లేకుండా కుట్టేస్తుంది.

ఆ అంకెలు రాసే తీరు తెలిశాక మాత్రం నేను లేచి కూర్చున్నాను. మా తాతకు ఊళ్లో చిన్న కిరాణా కొట్టుండేది. త్రాసులో సరుకు తూచడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి పిల్లలకి ఒక పొడుపులెక్క ఇచ్చేదాన్ని: ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవైయేడు కేజీల రాళ్లు నాలుగే ఉన్నాయి, ఒకటి నుంచి నలభై దాకా ఏ తూకమైనా ఎలా తూస్తావు? కిటుకు ఏమిటంటే రాళ్లను రెండు పళ్లేల్లోనూ పెట్టొచ్చు. ఐదు కేజీలు కావాలా, తొమ్మిది ఒక పళ్లెంలో, మూడూ ఒకటీ సరుకు పక్కన. డీఎస్టీ ఫైలు చేసేది అచ్చంగా ఇదే. దానికి ఐదు రాళ్లు: 1, 3, 9, 27, 81. ఒక్కో రాయి ఈ పళ్లెంలోనన్నా ఉండొచ్చు, ఆ పళ్లెంలోనన్నా ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. అన్నీ ఒకే పళ్లెంలో వేస్తే 121, అందుకే ఒక్క కుట్టులో చట్రం ఒక్కో అక్షం వెంట పన్నెండు మిల్లీమీటర్లు దాటి ఒక్క పదోవంతు మాత్రమే జరగగలదు. అంతకంటే దూరం పోవాలంటే సూది దిగకుండా గెంతులు వేసుకుంటూ వెళ్లాలి. మా తాత త్రాసు జపాను వెళ్లి జాకెట్ల మీద నెమళ్లు తూస్తోందని తెలిస్తే ఆయన ఏమనేవాడో! బహుశా “అప్పు రాసుకున్నావా లేదా” అనేవాడు.

ఈ ఫైళ్లు తయారుచేసే పనిని మన కొట్లలో ఇప్పటికీ పంచింగ్ అనే అంటారు. కంప్యూటరు ముందు కూర్చుని మౌసు కదిపేవాడు ఏం పంచ్ చేస్తున్నాడు? ఏ చిల్లూ పొడవడం లేదు. మాట పాతది, పని కొత్తది. వెనక్కి వెళ్తే ఒకప్పుడు నిజంగానే చిల్లులుండేవి. కాగితపు పట్టీ మీద వరసకి ఎనిమిదేసి చిల్లుల చోట్లు, ఒక కుట్టుకు మూడు వరసలు. ఆ మూడు వరసలే ఇవాళ్టి మూడు బైట్లు. ఇంకా వెనక్కి వెళ్తే స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లీ అనే ఆయన 1863లో కట్టిన షిఫ్లీ మిషను. దానికి చిల్లుల అట్టలు నేర్పింది ఆయన కొడుకు, 1898లో. ఆ అట్టల ఊహ 1804 నాటి జకార్డు మగ్గానిది, మన నేతగాళ్లు కూడా మగ్గం నెత్తిన ఆ అట్టల దండలు వేలాడేస్తారు. షిఫ్లీ అంటే వాళ్ల భాషలో చిన్న పడవట. కిందిదారాన్ని మోసే కండె రెండు కొసలా మొనదేలి పడవలా ఉండేదని ఆ పేరు. చదవగానే నాకు మా వైపు మగ్గాల మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె కళ్లముందు ఆడింది. అదే ఆకారం, అదే పని. ఇవాళ్టి మిషనులో ఆ పడవ చోట గుండ్రంగా తిరిగే కొక్కెం ఉంది. ఇంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటుంది. గుడ్డ కదలడం, సూది నిలవడం అన్నది కంప్యూటరు తెలివి అనుకున్నాను కదా, కాదు. 1828లోనే ఫ్రాన్సులోని మ్యూలూజ్ పట్టణంలో జోస్వే హైల్మన్ అనే ఆయన కట్టిన చేతి మిషనులోనే అది ఉంది. రెండు కొసలా మొన, నడుమ బెజ్జం ఉన్న సూదులు వరసకట్టి ఉండేవి. పక్కన ఆరు రెట్లు పెద్దదిగా గీసిన బొమ్మ మీద మనిషి ములుకు ఆనిస్తూ పోతే, ఎదురుగా నిలబెట్టిన గుడ్డ అందులో ఆరోవంతు కదిలేది. కంప్యూటరు వచ్చి కూర్చున్నది ఆ మనిషి కుర్చీలో. చట్రం కదిలే తీరు మాత్రం దాదాపు రెండువందల ఏళ్ల నాటిదే.

ఆ కుర్చీలో మనిషి ఇప్పుడు లేడా? ఉన్నాడు, వేరే గదిలోకి మారాడంతే. ఇది నాకు ఒక నష్టం ద్వారా తెలిసింది. రెండేళ్ల కిందట ఒక కొట్లో (ఏదో చెప్పను, ఇప్పుడూ అటే నడుస్తాను) చేతుల మీద గుండ్రటి చుక్కలు కుట్టించాను. వచ్చినవి గుండ్రం కాదు, దోసగింజలు. అంచు గీతకీ లోపలి నింపుడుకీ మధ్య గుడ్డ కనిపిస్తోంది. మిషను చెడిపోయిందన్నారు, దారం మంచిది కాదన్నారు, గుడ్డ నీదే కదా అన్నారు. అసలు కారణం దారం స్వభావం. బిగుతుగా పడిన ప్రతి కుట్టూ తనవైపు గుడ్డని కొంచెం లాక్కుంటుంది. వందల కుట్లు ఒకే దిక్కుకి పడితే ఆ దిక్కున గుండ్రం నలిగిపోతుంది, అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే పంచింగ్ తెలిసినవాడు గుండ్రం కావాలంటే గుండ్రం గియ్యడు. దారం ఎంత లాగుతుందో ముందే ఊహించి, తెర మీద కావాలనే కోలగా గీస్తాడు, అది గుడ్డ మీదికి వచ్చాక గుండ్రమౌతుంది. పైకుట్టు దిగబడిపోకుండా ముందు కింద ఒక పలచటి కుట్టు పరుస్తాడు, గోడకి సున్నం ముందు పూత వేసినట్టు. ఆకుకి ఒక సగం దారం ఇటు వాల్చి, ఇంకో సగం అటు వాలుస్తాడు, ఒకే పచ్చ దారం వెలుతురులో రెండు పచ్చలుగా కనిపిస్తుంది. ఇవన్నీ మిషనుకు తెలియవు. సిల్కు ఎంత జారుతుందో, నూలు ఎంత ఓర్చుకుంటుందో చేత్తో కుట్టినవాడికో, చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నవాడికో తెలుస్తుంది. అలాంటప్పుడు ఇది చేతి పనా, మిషను పనా? పోనీ, చెయ్యి ఎప్పుడు పనిచేసిందో చెప్పండి. కుట్టేటప్పుడే పనిచేస్తే చేతి పని, కుట్టకముందు పనిచేస్తే కాదా?

మగ్గం వర్క్ అన్న మాట కూడా తమాషా మాటే. దాంట్లో మగ్గం లేదు. పడుగూ లేదు, పేకా లేదు, నాడే లేదు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డని డప్పులా బిగించి, చుట్టూ కూర్చుని కొక్కెం సూదితో కుడతారు, దాన్ని మగ్గం అన్నారు మనవాళ్లు. మా వీధి చివరి గదిలో బెంగాలు నుంచి వచ్చిన కుర్రాళ్లు నలుగురు అలా కూర్చుని కుడుతుంటారు. ఒకడి సెల్లులో ఎప్పుడూ ఏదో పాట. వాళ్ల కుట్టు గొలుసు కుట్టు. దారం కిందుంటుంది, ఎడం చేతిలో. కుడిచేతి సూది పైనుంచి పొడిచి కింది దారాన్ని మడతగా లాక్కొస్తుంది, ఆ మడతలోంచే తర్వాతి మడత. ఒకే దారం, తనలోంచి తానే. బియ్యం బస్తా మూతి కుట్టు కూడా గొలుసే. సరైన కొస దొరికిందా, ఒక్క లాగుడికి సర్రున మూతి అంతా ఊడొస్తుంది. దొరకలేదా, కత్తి తేవాలి. మగ్గం వర్కులో ఆఖరి ముడి ఊడితే పువ్వు పువ్వంతా అలాగే పోతుంది. మిషను కుట్టు అలా ఊడదు, ప్రతి కుట్టూ దేనికది పైదారం కిందిదారంతో ముడిపడి ఉంటుంది. గట్టిదనం మాటకొస్తే ఆ పెళ్లిపిల్ల చెయ్యి లాక్కోనక్కర్లేదు. కానీ పూసలు, గొట్టాలు, రాళ్లు, దారాన్ని ముడేసి ముత్యంలా నిలబెట్టడాలు చెయ్యి చేసినట్టు మామూలు మిషను చెయ్యలేదు. అందుకే మిషను కుట్టిన నెమలికి కళ్ల దగ్గర రాళ్లు మళ్లీ చేత్తోనే అంటిస్తున్నారు. కన్ను పెట్టేపని ఇంకా మనిషిదే.

మా అమ్మగారి ఊరు పొందూరుకి దగ్గర. చిన్నప్పుడు అక్కడ మా పెద్దమ్మ వరస ఆవిడ పత్తి ఏరుతుంటే పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ చేతిలో వాలుగ చేప దవడ ఉండేది. ఎండిన ఆ దవడ మీద సన్నటి పళ్లు, వేలుపెట్టి నిమిరితే ఒక దిక్కున మెత్తగా, ఎదురుదిక్కున గరగరలాడుతూ. గింజకి అంటుకున్న పత్తిని ఆ పళ్లతో దువ్వేది. చెత్తా నలుసూ పోయి, పోగులన్నీ తలదువ్వుకున్న పిల్లలా ఒకవైపు తిరిగేవి. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటిదొప్పలో దాచడం, రాట్నం. సన్నదారం, నూరో నంబరుకి తగ్గనిది. చేపకి ఆ పళ్లు ఎందుకిచ్చాడో దేవుడు, పత్తి దువ్వడానికి మాత్రం కాదు. ఎవరు మొదట చూసి ఉంటారు ఆ పళ్లని, ఇది పనికొస్తుందని? అక్కడ నాకు పొందూరుకీ ఈ సందులోని మిషనుకీ మధ్య గోడ పలచబడుతుంది. రాట్నం కూడా యంత్రమే కదా. చక్రం ఒకసారి తిరిగితే కదురు ఎన్నిసార్లు తిరగాలో లెక్క ఉంది, పెద్దచక్రానికీ చిన్నకదురుకీ మధ్య తాడుంది. సూది ఒకసారి దిగితే కొక్కెం రెండు చుట్లు తిరిగే లెక్కకి ఇది పెద్దక్కలాంటిది. అయినా రెండూ ఒకటే అని నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను. పెద్దమ్మ దారం తెగేముందు తెలుసుకునేది. వేలికి తెలిసేదట, పోగు పలచబడుతోందని. మిషనుకి దారం తెగాక తెలుస్తుంది.

అది కూడా తెలుసుకునే తీరు బాగుంటుంది. పైదారం ఒక చిన్న స్ప్రింగు మీదుగా నడుస్తుంది. కుట్టు పడ్డప్పుడల్లా దారం లాగి అది ఊగాలి. ఊగలేదంటే దారం లేదన్నమాట. మిషను ఆగి ఎర్రదీపం వెలిగిస్తుంది. జరీదారమైతే మరీ ఎక్కువ తెగుతుంది. కారణం మీకు చెప్పాలి, ఎందుకంటే నేను చాలాకాలం జరీ నాసిరకం అనుకున్నాను. కొక్కెం తన డబ్బీ చుట్టూ తిప్పడానికి లాగే దారం చాలా పొడుగు, కుట్టుకు ఖర్చయ్యేది ఒక పిసరు. మిగిలినదాన్ని మీట మళ్లీ పైకి లాగేస్తుంది. అంటే అదే దారం ముక్క ఎన్నోసార్లు బెజ్జంలోంచి కిందికీ పైకీ తిరిగి, రాచుకుని రాచుకుని, చివరికి ఎక్కడో కుట్టై కుదురుకుంటుంది. పట్టుదారం ఓర్చుకుంటుంది. పైన రేకు చుట్టిన జరీకి రేకు లేచిపోతుంది. అందుకని జరీకి బెజ్జం పెద్దదైన సూది వేసి, వేగం తగ్గిస్తారు. ఆ రోజు నా జాకెట్టు మీద అలాగే జరీ తెగింది. నలభై వేల కుట్లూ తెలిసిన మిషను దీపం వెలిగించుకుని నిలబడిపోయింది. కుర్రాడు వచ్చి, తెగిన కొసని కత్తెరతో సరిచేసి, నోట్లో పెట్టి తడిపి, కళ్లు చికిలించి బెజ్జంలోకి ఎక్కించాడు. తర్వాత నాలుగు కుట్లు వెనక్కి నడిపించి మళ్లీ మొదలెట్టాడు. కరెంటు పోయినా అంతే, ఎన్నో కుట్టు దగ్గర ఆగిందో దానికి గుర్తుంటుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. సరిగ్గా దసరా ముందు. అక్కడ మా చుట్టాలమ్మాయి మిషను మీద ఒక నెమలి మెడదాకా వచ్చి ఆగిపోయింది. కరెంటు వచ్చాక మిషను తన కుట్టు తాను గుర్తుపెట్టుకుని మొదలెట్టింది గాని, ఈలోపల వానచెమ్మకి చట్రంలో గుడ్డ సడలింది. తల మెడకి అతకలేదు. ఎన్నో కుట్టో దానికి గుర్తుంది, గుడ్డ ఎక్కడుందో దానికి ఎవరు చెప్తారు?

గంట అన్నది రెండు గంటలైంది. చట్రం విప్పి, వెనక అంటిన తెల్లకాగితం చించి, దారపు కొసలు కత్తిరించి, మడిచి ఇచ్చాడు కుర్రాడు. ఇంటికి తెచ్చి, కుట్టించి, పండగనాడు వేసుకుని పిన్నమ్మ పక్కన కూర్చున్నాను. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. తెల్లగీత మూడోవంతు ఉండాలని, అది బాగా కుదిరిన పనికి గుర్తని, పడవ కథ, మా తాత త్రాసు కథ, అన్నీ చెబుదామని. అనుకున్నట్టే చెయ్యి అందుకుంది, అంచు మడిచింది. “మిషను పనే పిన్నమ్మా” అన్నాను ముందే. ఆవిడ విన్నట్టు లేదు. మడిచిన అంచు మీద బొటనవేలు ఒకవైపు నిమిరింది, తర్వాత ఎదురువైపు నిమిరింది. కాగితం ముక్క ఇంకా అంటుకుని ఉన్నచోట గోటితో గీకి ఊడదీసింది. జరీ కొస ఒకటి బయటికి పొడుచుకొచ్చినచోట ఆగింది. “ఇక్కడ గుచ్చుకుంటాదే. చంక పక్కకొస్తాది, చెమటకి ఒరుసుకుపోతాది. లోపల మల్లుగుడ్డ వేయించుకోలేదేటి?” అంది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. “మరి ఆ పెళ్లిలో పిల్లకి కూడా ఇదే చూశావా?” అన్నాను. “మరేటి చూత్తాను? ఎర్రగా కందిపోయి ఉంది దాని చెయ్యి, నువ్వు చూళ్లేదా?” అంది. నేను చూళ్లేదు. “చేతి పనైనా అంతే, ఆ గొట్టాల పని ఇంకా గుచ్చుకుంటాది. నా పెళ్లికి మీ తాత జరీ రైక కుట్టించాడు, మూడ్రోజులు పసుపు రాసుకున్నాను.” వీధిలో డప్పులు దగ్గరికొచ్చాయి, సిరిమాను వస్తోందని ఎవరో అరిచారు. పిన్నమ్మ నా భుజం పట్టుకుని లేచి, గడపదాకా వెళ్లి వెనక్కి తిరిగి, “ఇంటికెళ్లేక ఇప్పియ్యి, నేను వేసిస్తాను లోపలి గుడ్డ” అంది.